ఖారా పానీ, కాలిపోయే రాడ్లు

మార్కాపురంలో మా ఇంటి గీజర్ రాడ్డు రెండు చలికాలాల్లో మూడుసార్లు పోయింది. మొదటిసారి అమ్మీ "నజర్ లగీ" అంది. రెండోసారి మెకానిక్ "మాల్ ఖరాబ్ భాయ్" అంటూ కొత్తది బిగించి పైసలు తీసుకెళ్ళాడు. మూడోసారి ఫజర్‌కి వుజూ చేయబోతే, కుళాయి ముట్టుకోగానే అమ్మీ చెయ్యి జుమ్మంది. ఆ రోజు నుంచి గీజర్ మానేసి బకెట్లో వేసే హీటర్ పట్టుకుంది. పిల్లలు తిరిగే ఇంట్లో అది ఇంకా ఖతర్నాక్. అందుకే ఈసారి పాత రాడ్డును పారేయనివ్వలేదు.

రాడ్డు చుట్టూ తెల్లటి సున్నం గట్టిగా పట్టేసింది. స్క్రూడ్రైవర్‌తో తడితే పలకలు పలకలుగా ఊడింది. పలకల ఊరు కదా మాది!

రాడ్డు లోపల నిక్రోమ్ తీగ, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పైన లోహపు గొట్టం ఉంటాయి. తీగ వేడి ఎప్పటికప్పుడు నీళ్ళలోకి పోతేనే దానికి జిందగీ. మా బోరు నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే సున్నంగా మారి, అన్నిటికన్నా వేడిగా ఉండే రాడ్డు మీదే పేరుకుంటుంది. సున్నం వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి తీగ లోలోపలే కాగి తెగుతుంది. గొట్టం చిట్లితే తడి లోపలికి చేరి, కరెంటు నీళ్ళలోకి వస్తుంది. అమ్మీకి తగిలింది ఆ కరెంటే. మా పాత ఇంట్లో ఎర్తింగ్ కూడా సరిగా లేదు.

మా వైపు ఏం పాడైనా ఫ్లోరైడ్‌ని తిడతారు. దాని జుల్మ్ పళ్ళ మీద, ఎముకల మీద. రాడ్లను చంపేది కాల్షియం. తాగే నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దారి లేకపోతే 600 దాకా పర్వాలేదనీ బీఐఎస్ లెక్క. మీ ఇంట్లో పప్పు ఉడక్కపోతే, సబ్బు నురగ రాకపోతే ఇంకే పరీక్షా అక్కర్లేదు. వెలిగొండ సొరంగాల్లోంచి శ్రీశైలం నీళ్ళు మా కుళాయిల్లోకి వచ్చేదాకా సబర్ చేయాల్సిందే.

నానీకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. రాగి హమ్మామ్‌లో చింతపండు నీళ్ళు పోసి నానబెట్టి తోమేది. నేను ఏడాదికోసారి కరెంటు తీసేసి, రాడ్డు విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెడుతున్నాను. వేడి పెరిగేకొద్దీ సున్నం తొందరగా పడుతుంది కనక థర్మోస్టాట్‌ను 55కి దించాం. అరిగిపోయిన మెగ్నీషియం కడ్డీ మార్చాం. ఎర్తింగ్ వేయించి, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. రాడ్డు కన్నా దీనికే ఎక్కువైందని అమ్మీ గొణిగింది. గొణగనీ.

ఇంకో మాట. కొత్త రాడ్డు కొనేముందు వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టండి. 2000 వాట్ల రాడ్డయితే సుమారు 26 ఓంలు చూపాలి. పిన్నుకీ గొట్టానికీ మధ్య ముల్లు కదిలితే మాత్రం ఆ రాడ్డు వాడొద్దు.

ఇది విని ముతవల్లీ సాబ్ మస్జిద్ గీజర్ చూడమన్నారు. అక్కడి రాడ్డు మీద సున్నం పెద్దగా లేదు. నల్లగా మాడి, ఒకచోట పగిలింది. నీళ్ళు లేకుండా కాలిందన్నమాట. పైన ట్యాంకు ఖాళీ అయినప్పుడు కింద వుజూ కుళాయిలు తిప్పితే గీజర్లోని నీళ్ళు కూడా వెనక్కి జారిపోతున్నాయి. వాటిని ఆపే నాన్ రిటర్న్ వాల్వు బిగించనే లేదు. ఫజర్‌కి ముందు ఎవరో ఒకరు స్విచ్ మాత్రం వేస్తారు. ఇక్కడ నిమ్మ ఉప్పుతో ఏం ఫాయిదా?

వాల్వు రాడ్డు కన్నా చవకని చెప్పాను. "రంజాన్ అయ్యాక చూద్దాం బేటా" అన్నారు. ట్యాంకు ఎక్కువగా ఖాళీ అయ్యేది రంజాన్‌లోనే. అందుకని స్విచ్ పక్కన చిట్టీ రాసి అంటించి వచ్చాను: "ముందు వేడినీళ్ళ కుళాయి తిప్పండి. ధార వస్తేనే స్విచ్ వేయండి."