ఎడమ వెనక చక్రం

బోధన్‌లో మా బావకు ఒక ఆరు టైర్ల లారీ ఉంది. 2016 మోడల్. ఇద్దరి చేతులు మారి ఆయన దగ్గరికొచ్చింది. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి, ఈసారి ఏబీఎస్ సంగతి, అంటే చక్రాలు బిగుసుకోకుండా చూసే బ్రేకు ఏర్పాటు సంగతి, తేల్చుకుందామని నిజామాబాద్ రోడ్డులో ఒక బ్రేకు మిస్త్రీ దగ్గర పెట్టాడు. "నువ్వు ఒక్కసారి వచ్చి ఆయన పనిచేస్తుంటే చూడు" అని నాకు ఫోన్ చేసింది కూడా బావే.

జానకంపేట దాటాక రోడ్డు మీదికే ఉంది ఆ రేకుల షెడ్డు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అంటారు. అరవై దాటి ఉంటాయి. తండ్రి నిజాం షుగర్స్‌లో ఫిట్టరు. ఆ ఫ్యాక్టరీ శక్కర్‌నగర్ క్వార్టర్లలో పుట్టి పెరిగాడు.

అసలు ఇబ్బంది ఏమిటంటే, బావ లారీలో ఏబీఎస్ లైటు ఎప్పుడూ వెలగదు. తాళం తిప్పగానే ఆ పసుపు లైటు ఒకసారి వెలిగి, అంతా బాగుంటే ఆరిపోవాలి. బావ కొన్ననాటి నుంచి అది వెలిగిందే లేదు. లైటు లేదంటే తప్పు లేదనుకున్నాడు పాపం.

ఉస్తాద్ చక్రం జోలికి పోలేదు. క్యాబిన్‌లో కూర్చుని, షెడ్డులో అందరినీ ఊరకుండమని చెప్పి తాళం తిప్పాడు. కిందినుంచి టక్‌మని ఒక చప్పుడు, వెంటనే మరొకటి. అలా వరసగా, చక్రాల బ్రేకు గాలిని అదుపు చేసే నాలుగు మాడ్యులేటర్ వాల్వులూ పలికాయి. "ఏబీఎస్ పెట్టెకు కరెంటు ఉన్నది, వాల్వులు బతికే ఉన్నయి. లైటునే చంపిన్రు" అన్నాడు. మీటరు డబ్బా విప్పితే లైటు వైరు కోసి, చివర టేపు చుట్టి ఉంది. అంతకుముందు చేతుల్లో ఎక్కడో, ఎవరో చేసిన పని. ఆ టేపు చూశాక నాకు ఒళ్లు మండింది. చెడింది సెన్సారైతే సెన్సారును బాగుచేయాలి గానీ, చెడిందని చెప్పే నోరు నొక్కేస్తారా? ఏబీఎస్ పనిచేయకపోయినా మామూలు బ్రేకు పడుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పొడి రోడ్డు మీద, నిదానంగా ఆపినప్పుడు తేడా తెలియదు.

తేడా తెలిసేది ఎక్కడో ఈ తోవన తిరిగేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోసి ఉంటాయి. ఎడమ చక్రాలు వడ్ల మీద, కుడి చక్రాలు తారు మీద. ఆ స్థితిలో గట్టిగా తొక్కితే వడ్ల మీది చక్రం తిరగడం ఆగి జారుతుంది, బండి పక్కకు తిరిగిపోతుంది. లోడు దించి ఖాళీగా తిరిగొచ్చే లారీతో ఇంకా ప్రమాదం. వెనక బరువుండదు, చక్రాలు ఇట్టే బిగుసుకుపోతాయి. ముందు చక్రాలు బిగుసుకుంటే స్టీరింగు ఎంత తిప్పినా బండి మాట వినదు. ఏబీఎస్ ఉంటే బండి తక్కువ దూరంలో ఆగుతుందని చాలామంది అనుకుంటారు గానీ, కంకర మీదైతే కాస్త ఎక్కువ దూరమే పోవచ్చు. చక్రాన్ని తిరగనిచ్చి, బండిని డ్రైవరు చేతిలో ఉంచడం దాని అసలు పని. రోడ్డు దాటే మనిషిని తప్పించగలిగేది అందువల్లే.

తెగిన వైరు కలపగానే లైటు వెలిగింది, ఆరలేదు. డ్యాష్‌బోర్డు మీది స్విచ్చిని నొక్కి పట్టుకుంటే ఆ లైటే కొన్నిసార్లు మిణుకుమని, ఆగి, మళ్లీ మిణుకుమంటుంది. మొదటి విడత మిణుకుల లెక్క తప్పు ఏ రకమో చెబుతుంది, రెండో విడతది ఏ చక్రమో చెబుతుంది. ఉస్తాద్ వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఉర్దూలో రాసుకున్న పాత నోటుబుక్కులో చూసి, "ఎడమ వెనక. సెన్సారుకూ రింగుకూ నడుమ సందు ఎక్కువైంది" అన్నాడు.

బావ వెంటనే, "కొత్త సెన్సారు తెప్పిద్దామా?" అన్నాడు.

"జర ఆగు బావా" అన్నాడు ఉస్తాద్. బావ బావే ఆయనకూ.

హబ్బు లోపలి అంచుకు వంద పళ్ల ఇనుప రింగు ఉంటుంది. దాని ఎదురుగా వేలంత సెన్సారు, లోపల అయస్కాంతమూ తీగచుట్టా. పన్ను ఎదుటికొచ్చి దాటిపోయినప్పుడల్లా తీగచుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. లారీ టైరు ఒక చుట్టు తిరిగితే మూడు మీటర్ల పైచిలుకు రోడ్డు సాగుతుంది కాబట్టి, సుమారు మూడు సెంటీమీటర్లకు ఒక పన్ను కబురు చెప్పినట్టు. ఒక చక్రం కబురు ఉన్నట్టుండి మందగిస్తే అది బిగుసుకుంటోందని పెట్టెకు తెలుస్తుంది. వెంటనే ఆ చక్రం వాల్వుకు ఆజ్ఞ వెళ్తుంది: గాలి వదులు, ఆపు, మళ్లీ పంపు. సెకనులో ఎన్నోసార్లు. బుస్సుమని గాలి చప్పుడు వినిపిస్తే డ్రైవర్లు ఎయిరు లీకనుకుని పెడలు మీది కాలు తీసేస్తారట. అప్పుడు కాలు తీయకూడదు, పంపు కొట్టకూడదు, తొక్కి పట్టుకోవాలి. ఆ ఒక్క మాట డ్రైవరుకు చెప్పకుండా బండి తాళాలు చేతికివ్వడం అన్యాయం.

జాకీ ఎత్తి సెన్సారు వైరుకు మల్టీమీటరు పెట్టాడు. వెయ్యికీ రెండు వేలకూ మధ్య ఓములు చూపింది. అంటే సెన్సారు చావలేదు. మీటరును ఏసీ వోల్టుల మీదికి మార్చి, చక్రాన్ని రెండు సెకన్లకు ఒక చుట్టు చొప్పున చేత్తో తిప్పాడు. ఆ వేగానికి కనీసం 0.2 వోల్టు రావాలి. అందులో నాలుగో వంతు కూడా రాలేదు. సెన్సారు మంచిదే, రింగుకు దూరమైపోయింది. ఎందుకు దూరమైంది? టైరును పైనా కిందా పట్టుకుని లాగి, నెట్టి చూశాడు. "ఇగో, ఈడ చేయి పెట్టున్రి" అని నా చేతిని అక్కడ ఆనించాడు. హబ్బు కదులుతోంది, చాలా సన్నగా. నేనొక్కడినే అయితే గమనించేవాణ్ణి కాదు. బేరింగు వదులైతే హబ్బు ఊగుతుంది, ఊగే రింగు సెన్సారును కొంచెం కొంచెంగా వెనక్కి నెట్టేస్తుంది. కొత్త సెన్సారు వేసినా నెల తిరక్కుండా మళ్లీ అదే లైటు. డబ్బు పోవడం అటుంచి, బేరింగు వదులుతోనే బండి రోడ్డెక్కేది.

హబ్బు దించి, బేరింగు కడిగి, కొత్త గ్రీజు పెట్టి, నట్టు బిగించి మళ్లీ కొంత సడలించాడు. రింగు పళ్ల మధ్య పేరుకున్న ఇనుప పొడీ గ్రీజూ బ్రష్షుతో తీసి, ఒక్కో పన్నునూ వేలితో తడుముతూ చుట్టూ వచ్చాడు. విరిగిన పన్ను ఒక్కటున్నా పెట్టెకు తప్పుడు లెక్క పోతుంది. సెన్సారును పట్టి ఉంచే స్ప్రింగు బుష్షు తుప్పు పట్టింది, దాన్ని మాత్రం కొత్తది వేశాడు. తరవాత సెన్సారును బొటనవేలితో, రింగుకు తగిలేదాకా నెట్టాడు. కుర్రాడు సుత్తి అందించబోతే చేయి తోసేశాడు. బొటనవేలి బలం చాలు. చక్రం తిరుగుతున్నప్పుడు రింగే తనకు కావలసినంత సందు చేసుకుంటుంది. మళ్లీ తిప్పితే మీటరు 0.2 దాటి చాలా పైకి వెళ్లింది. రోడ్డు మీద బండి నాలుగడుగులు వేసి వేగం అందుకోగానే లైటు ఆరింది.

ఆ వేళ్లలోని పట్టు ఎక్కడిదని అడిగితే తండ్రి పేరే చెప్పాడు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. సీజన్ ముగిశాక మిల్లు మొత్తం విప్పి, శుభ్రం చేసి, బిగించేవాళ్లు. బేరింగు వేడిని అరచేత్తో, వదులును వేలికొసతో కనిపెట్టడం ఆయన అక్కడే తండ్రి వెంట తిరుగుతూ నేర్చుకున్నాడు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తోటలు పోయి వరి, సోయా వచ్చాయి. చెరకు రైతు బాకీల గురించీ కార్మికుల జీతాల గురించీ ఎంతో కొంత మాట్లాడుకున్నాం, ఆ మాత్రమైనా మంచిదే. ఒక తరం ఫిట్టర్ల విద్య చెదిరిపోయిందన్న లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

పెద్ద లారీలకూ బస్సులకూ ఏబీఎస్ తప్పనిసరి అయింది కూడా ఆ 2015లోనే. మంచి చట్టం. కానీ అది కొత్త బండి ఫ్యాక్టరీ గేటు దాటేవరకే గట్టిగా నిలబడింది. వారంటీ తీరి, రెండో చేతికి, మూడో చేతికి వచ్చాక ఆ బండి చేరేది ఇలాంటి షెడ్లకే. ఈ షెడ్లలో ఎవరికి ఎవరు నేర్పారు? బ్లింకు కోడ్ల పట్టిక ఒకటి తెలుగులో అచ్చువేసి ప్రతి బ్రేకు షెడ్డు గోడకూ అంటించడానికి ఎంతవుతుంది? మాన్యువల్ ఇంగ్లీషులో, ల్యాప్‌టాప్ డీలరు దగ్గర, చెడిన బండి రోడ్డు పక్కన. వైరు కోసేసినవాణ్ణి తిట్టుకున్నాను గానీ, అతని చేతికి మనం ఇచ్చింది కట్టింగ్ ప్లయరు ఒక్కటే.

రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఆధునిక శిక్షణ కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది. రోబోలు రానివ్వండి, సంతోషమే. వాటి పక్కన ఒక పాత లారీ ఇరుసు, ఒక పళ్ల రింగు, ఒక మల్టీమీటరు కూడా పెట్టాలి. వారానికి ఒక పూట ఉస్తాద్ లాంటివాళ్లను గౌరవంగా పిలిచి, పారితోషికమిచ్చి, పిల్లల ముందు నిలబెట్టాలి. పదో తరగతి పాసు కాలేదన్న కారణంతో ఐటీఐ గేటు ఆయనకు మూసి ఉండకూడదు.

ఈ మాటే ఆయనతో అన్నాను. చేతుల గ్రీజు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించాడు.

"పిలిస్తే పోత సారూ. పిల్లలకు బేరింగు చేతికిచ్చి చూపిస్త. వడ్ల సీజన్ల మాత్రం రాను, అప్పుడు ఈడ బండ్లు లైను కడ్తయి."