ఒకే మందు, రెండు వ్యాధులు

2017లో మా యక్కయ్యకు రొమ్మున రాచపుండు, అనగా కాన్సరు, కనుపించెను. శస్త్రచికిత్సయైన పిదప ట్రాస్టుజుమాబ్ అను మందును ఏడాదిపాటు ఎక్కించిరి. ఆమె కోలుకొని నేడు మనుమల నెత్తుకొనుచున్నది.

2021 దసరా వెళ్లిన పిమ్మట మా యత్తగారికి జీర్ణకోశమున అదే జబ్బు బయటపడెను. వైద్యుని చీటీలో మరల ఆ మందు పేరే చూచి నాకు గుండె ఝల్లుమన్నది. కడుపులోని వ్యాధికి రొమ్ముమందా? పొరపాటున వ్రాసిరేమోయని తోడికోడలును నేనును ఆ రాత్రి నిదురలేక తర్కించుకొంటిమి. మరునాడు ధైర్యము చేసి యడిగితిని.

ఆయన విసుగుకొనక చెప్పిరి. కొన్ని కాన్సరులలో హెర్2 అను మాంసకృత్తు కణములపై మితిమీరి పుట్టి, ఆగక వృద్ధిపొందుమని వానిని పురికొల్పును. రొమ్ము కాన్సరులలో సుమారు ఐదింట నొకటి యిట్టిది. కడుపు కాన్సరులలోను ఇంచుమించుగా నంతే. మందు పట్టుకొనునది ఆ మాంసకృత్తును గాని రొమ్మును గాదు. అందుచేతనే అత్తగారి గడ్డనుండి ముక్క తీసి పరీక్షించిన పిదప దానిని వ్రాసిరట. అమెరికాలో ఈ మందుకు 1998లో రొమ్ము వ్యాధికిని, 2010లో కడుపు వ్యాధికిని అనుమతి లభించెను. సోదరీమణులారా, మన మింతకాలము డబ్బాపై నంటించిన చీటీనే చదివితిమి గాని మూత తీసి చూడలేదు!

“అయినచో అక్కయ్యవలెనే యీమెకును నయమగును గదా” యంటిని. ఆయన తల యడ్డముగా నూపి మరియొక సంగతి చెప్పిరి. మెలనోమా అను చర్మపు కాన్సరులో బి-రాఫ్ అను జన్యువు మారియుండిన వెమురాఫెనిబ్ అను మాత్ర గడ్డలను కరగించును. పెద్దప్రేగు కాన్సరులో సరిగా అదే మార్పున్నను ఆ మాత్ర యొక్కటియే దాదాపు నిష్ఫలము. ప్రేగుకణములు ఈజీఎఫ్ఆర్ అను వేరొక దారి తెరచుకొని తప్పించుకొనునని 2012లో తెలిసినది. ఇప్పుడు రెండు దారులను మూయుటకు రెండు మందులు కలిపి యిచ్చుచున్నారు. రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి చూడనిదే యిది తెలియునా? 33 విధముల కాన్సరులను, పదివేలకు పైబడిన గడ్డలను ఇట్లే పోల్చి వ్రాసిన పరిశోధనలు 2018లో వెలువడినవి.

కడుపు గడ్డలో హెర్2 ఒకచోట నుండి మరియొకచోట నుండకపోవచ్చును. 2010లో వెల్లడియైన పరీక్షలో, వ్యాధి ముదిరినవారికి నడిమి లెక్కను 11 నెలల ఆయువు ఈ మందుతో 14 నెలలకు చేరువయ్యెను, అంతే.

అత్తగారు పదునారు నెలలు మాతో నుండిరి. రెండు సంక్రాంతులు వచ్చినవి. రెండవ పండుగనాడు పీటపై కూర్చుండి అరిసెల పాకము తామే చూచిరి.