కొడుక్కి ఇచ్చిన డబ్బుకు పన్నా?



"మా పెద్దవాడు కూకట్‌పల్లిలో ఫ్లాటు కొంటున్నాడు. రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లోంచి 12 లక్షలు సర్దుదామనుకుంటున్నాం. గిఫ్ట్ ట్యాక్స్ పడుతుందా?" మాటలు మారినా, మీలో చాలామంది అడిగేది ఇదే.

పడదు. మీకూ పడదు, వాడికీ పడదు. 1958లో వచ్చిన గిఫ్ట్ ట్యాక్స్ 1998 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కానుకలకు లేకుండా పోయింది. ఇప్పుడు పన్ను పుచ్చుకున్నవాళ్ల మీద. అదీ పరాయివాళ్ల దగ్గర ఏడాదిలో 50,000 రూపాయలు దాటి తీసుకుంటేనే. అమ్మానాన్నలు ఇచ్చేదానికి పరిమితే లేదు. పిల్లలకు 18 నిండితే, ఆ సొమ్మును ఎఫ్‌డీ చేసినా వడ్డీ వాళ్ల ఆదాయమే.

అసలు చిక్కు కోడలి దగ్గర. కొడుకు బదులు కోడలి పేరున వేశారనుకోండి. కానుక మీద పన్నేమీ ఉండదు గానీ, దాని మీద వచ్చే వడ్డీని ఏటా ఇచ్చిన అత్తమామల ఆదాయంలోనే కలుపుతారు. అదే డబ్బు అల్లుడికిస్తే ఈ కలపడం లేదు! అల్లుడికి మర్యాదలు ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలోనూ తప్పలేదన్నమాట. నన్నడిగితే, కోడలికి ఇవ్వాలనుకున్నది బంగారంగా ఇవ్వడమే నయం. దానికి వడ్డీ రాదుగా.

ఇంకోటి, నోట్ల కట్టలు వద్దు. ఒకరి దగ్గర ఒకే రోజు 2 లక్షలు గానీ, అంతకు మించి గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానాగా కట్టమనవచ్చు. నాన్న ఇచ్చినా అంతే. బ్యాంకు ద్వారానే పంపండి. ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పుడు ఇచ్చారో, తిరిగి ఇవ్వక్కర్లేదనీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. "ఇంట్లోవాళ్ల మధ్య కాగితాలేమిటి?" అని మొహమాటపడకండి. ఇంత డబ్బు ఎక్కడిదని రేపు నోటీసు వస్తే జవాబు చెప్పాల్సింది మీ అబ్బాయే. చేబదులుగా ఇస్తుంటే ఆ మాటే రాయండి. అప్పయితే 20,000 నుంచే నగదు కుదరదు.

ఇల్లో పొలమో రాసివ్వడం వేరు సంగతి. దానికి రిజిస్ట్రేషను, స్టాంపు డ్యూటీ తప్పవు. ఆ ముచ్చట వచ్చే ఉత్తరంలో. ఈలోగా మీరు ఇదివరకే ఇచ్చిన డబ్బుకు కాగితం ఉందో లేదో బీరువాలో ఓసారి చూసుకోండి.

ఉంటాను.