అబ్బా స్వెటర్, గుల్మర్గ్ బరఫ్

మార్చి నెలాఖరులో జగిత్యాల టవర్ దగ్గర స్వెటర్ కావాలని అడిగితే దుకాణపాయన ముందు నా మొహం చూశాడు, తర్వాత బయట ఎండ చూశాడు. "తబియత్ మంచిగున్నదా అమ్మా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. చలికాలంలో రోడ్డు పక్కన స్వెటర్లు కుప్పలు పోసి అమ్మేవాళ్ళు ఎండలు మొదలుకాకముందే మూటలు కట్టుకొని వెళ్ళిపోతారు. ఇప్పుడు ఏ దుకాణం చూసినా కాటన్ నైటీలు, లుంగీలు, కూలర్ గడ్డి.

సంగతేమిటంటే, హైదరాబాద్‌లో నౌకరీ చేస్తున్న మా బిడ్డ ఈద్ అయిన వారానికి గుల్మర్గ్ వెళ్తానంది. ఆఫీసులో తోటి అమ్మాయిలు ఐదుగురు, నాలుగు రోజులు, స్నోబోర్డింగ్ నేర్చుకోవడానికి. రెండు కాళ్ళనూ ఒకే పలకకు బిగించుకొని బరఫ్ మీద జారడం అని అమ్మీకి చెప్పాను. "రెండు కాళ్ళూ కట్టేసుకొనా? కైకూ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఖాందాన్‌లో గడ్‌బడ్ మొదలైంది. "షాదీకి ముందు కాలు విరిగితే జిమ్మేదార్ ఎవరు?" అన్నారు పెద్ద మామూ. మా ఇంటాయన తెలివైనవాడు, "మీ అమ్మీ ఇజాజత్ ఇస్తే నాకేం అభ్యంతరం లేదు" అని తప్పుకున్నాడు. అట్లా ఫైసలా కోరుట్లలో ఉన్న అమ్మీ మీద పడింది. అమ్మీ రెండు రోజులు ఆలోచించి ఒకే ఒక్క షర్తు మీద సరే అంది. పిల్ల తన నానా స్వెటర్ వేసుకొని వెళ్ళాలి.

ఆ స్వెటర్ గురించి చెప్పాలి. మా అబ్బా రియాద్‌లో పదకొండేళ్ళు సెంట్రింగ్ పని చేశారు. కోరుట్ల, జగిత్యాలలో గల్ఫ్ మనిషి లేని గల్లీ ఉండదు కాబట్టి ఆ కథ మీకు కొత్త కాదు. ఎడారి అంటే ఎప్పుడూ వేడే అనుకుంటాం గానీ చలికాలం రాత్రుళ్ళు అక్కడ పళ్ళు కొట్టుకుంటాయని అబ్బా చెప్పేవారు. ఒక ఛుట్టీకి వచ్చినప్పుడు ముదురు ఖాకీ రంగు స్వెటర్ వేసుకొని దిగారు. ఛాతీకి అడ్డంగా మూడు తెల్ల గీతలు. "అస్లీ ఊన్, రెండొందల రియాళ్ళు" అన్నారు. అబ్బా పోయాక కూడా అమ్మీ వచ్చినవాళ్ళందరికీ అదే మాట చెప్పింది. పెట్టెలో మడతల మధ్య డాంబర్ గోలీలు వేసి దాచింది. ఆ గోలీల వాసనే మాకు అబ్బా వాసన.

బిడ్డకు మాత్రం తన కాలేజీ పేరున్న కాటన్ హూడీ కావాలి. మెత్తగా ఉంటుంది, తొడల దాకా వస్తుంది కాబట్టి నాకూ తసల్లీగా ఉంటుంది. పైగా వీడియోల్లో అందరూ హూడీలతోనే జారుతున్నారట. వసంతంలో అక్కడ మధ్యాహ్నాలు వెచ్చగా ఉంటాయి, బరువైన జాకెట్లు ఎందుకని తన వాదన. సగం నిజమే. గుల్మర్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. పైన అఫర్వత్ కొండకు వెళ్ళే గండోలా 3,900 మీటర్ల దాకా ఎక్కిస్తుంది. ఈ రోజుల్లో రాత్రి గడ్డకట్టిన బరఫ్ పొద్దున రాయిలా ఉంటుంది, ఎండెక్కాక పైపొర కరిగి మన ఐస్ గోలాలా నీళ్ళ నీళ్ళగా అవుతుంది. నేర్చుకునేవాళ్ళు నిలబడేది తక్కువ, కూలబడేది ఎక్కువ. అంటే చలి కంటే తడి ముసీబత్. ఈ ముక్క నాకు అప్పటికి తెలియదు.

తెలిసింది సిరిసిల్లలో. స్వెటర్ చంక కింద కుట్టు ఊడిపోతే, ఈద్ ములాఖాత్ కూడా అయిపోతుందని వేములవాడ మీదుగా ఖాలా ఇంటికి తీసుకెళ్ళాను. ఖాలూ అక్కడ సాంచాల మిస్త్రీ. నలభై ఏళ్ళుగా చెవుల్లో సాంచాల మోతే. ఇప్పుడు ఎవరైనా మెల్లగా మాట్లాడితే ఆయనకు వినపడదు. సిరిసిల్ల సాంచాల మీద నడిచేదాంట్లో ఎక్కువ భాగం పాలిస్టర్. పోగు చేతిలో పట్టుకుంటే అదేదో చెప్పేస్తారు.

ముందు హూడీ చూశారు. మూల తడిపి పిండారు. "ఇది నీళ్ళు తాగుతది. ఇక్కడ ఎండల ఆరుడు వేరే. అక్కడ పోరి ఒంటి వేడి మీద ఆరాలె. ఆ వేడంత ఇదే గుంజుకుంటది" అన్నారు. చెమటతో లోపలి నుంచి, బరఫ్‌తో బయటి నుంచి తడిసిన కాటన్ అక్కడ ఒంటికి దుష్మన్ అని అర్థమైంది. మనకు కాటన్ మీద ఎంత మొహబ్బత్ ఉన్నా సరే.

తర్వాత స్వెటర్ తీసుకొని వేళ్ళ మధ్య నలిపారు. ఏమీ అనలేదు. ఊడిన కుట్టు దగ్గర ఒక పోగు తెంపి, పళ్ళెం మీద పెట్టి అగ్గిపుల్ల గీశారు. కాటన్ కాలితే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. ఊన్ అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీస్తే తనంతట తనే ఆరిపోతుంది, బూడిద నలిపితే పొడి అవుతుంది. ఈ పోగు భగ్గుమని మండి, కరిగి, పళ్ళేనికి నల్లటి గట్టి గింజలా అతుక్కుంది.

"అక్రిలిక్" అన్నారు ఖాలూ. ఆయన గొంతే పెద్దది, వంటింట్లోంచి ఖాలా కూడా తొంగి చూసింది.

నాకు వెంటనే పిల్ల గుర్తు రాలేదు, స్నోబోర్డింగ్ గుర్తు రాలేదు. రెండొందల రియాళ్ళు గుర్తొచ్చాయి. అబ్బాను ఎవరైనా దుకాణదారు మోసం చేశాడా? లేక ఇంటికి పంపే డబ్బుల్లో కోత పడొద్దని చవకది కొనుక్కొని, మా ముందు ఇజ్జత్ కోసం ఆ ధర చెప్పారా? అడగడానికి మనిషి లేరు. తిరుగు బస్సులో ఆ సంచీ ఒళ్ళో పెట్టుకొని ఒకటే ఫికర్. అమ్మీకి చెప్పాలా, వద్దా? చెప్పకుండా ఉండటం అబద్ధమా?

ఖాలూ మాట ఒకటి మాత్రం చెవిలో ఉంది. "ఫికర్ నక్కో. బరఫ్ తడికి ఇది కాటన్ కన్నా వెయ్యి రెట్లు నయం. నీళ్ళు పట్టదు, జల్దీ ఆరుతది. ఊన్ ఇంకా మంచిదే, తడిసినా వెచ్చగ ఉంటది. కానీ దీనికి ఏం తక్కువ లేదు."

కోరుట్లలో దిగి రెండు గ్లాసుల నీళ్ళు తాగాక చెప్పేశాను. అమ్మీ తస్బీహ్ పక్కన పెట్టింది.

"నాకు మొదటి ఏడాదే తెలుసు. ఊన్ అయితే నేను బండ మీద ఉతికిన ఉతుకుడుకు నీ చెల్లెలికి సరిపోయేంత అయ్యేది."

"మరి గోలీలు?" అన్నాను. పురుగు తినేది ఊన్‌ను కదా, అక్రిలిక్‌ను ముట్టదు.

"మీ అబ్బా చూస్తుంటే వేసేదాన్ని. తర్వాత ఆదత్ అయిపోయింది."

అంతే. మళ్ళీ తస్బీహ్ చేతికి తీసుకుంది.

ఇక సామాను హిసాబ్ త్వరగా తేలింది. ఒంటికి అంటి పల్చటి పాలిస్టర్ పొడుగు చేతుల బనీను, దాని మీద నానా స్వెటర్, ఆ పైన కొత్తగా తీసుకున్న పొడుగు పాలిస్టర్ హూడీ, లోపల నూగు ఉన్నది. గాలికి, తడికి ఆగే పల్చటి కోటు సంచీలో. ప్యాంటు నీళ్ళు దిగనిది అక్కడే కిరాయికి దొరుకుతుంది. హూడీ తాడు నేనే లాగేశాను, లిఫ్టులో ఎక్కడైనా చిక్కుకుంటే ప్రమాదం. హిజాబ్ సాగే గుడ్డది, పిన్నులు లేకుండా, అంచులు హూడీ మెడలోకి దోపి. హెల్మెట్ దాని మీద సుఖంగా కూర్చుంది. ఇంట్లోనే మంచం మీద నుంచి పరుపు మీదికి పదిసార్లు పడి చూసుకుంది పిచ్చిపిల్ల. కాలేజీ హూడీ కూడా పెట్టుకుంది, రాత్రి గదిలో వేసుకోవడానికి. దానికి నేను అడ్డు చెప్పలేదు.

రెండో రోజు మధ్యాహ్నం ఫోటో పంపింది. పలక చంకలో ఉంది, ముక్కు ఎర్రగా కమిలింది, హూడీ జిప్పు సగం దాకా తీసి ఉంది. నానా స్వెటర్ నడుముకు కట్టుకుని ఉంది. వేడెక్కిందట, విప్పేసిందట. పెద్ద మామూ చూస్తే ఏమంటారోనని నాకు ఒక క్షణం భయం వేసింది. అమ్మీ ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూసింది.

"తడిసిందా?" అంది.

"వెనక కొంచెం తడిసినట్టుంది అమ్మీ."

"ఆరుతదిలే. బండ మీద ఆరబెట్టమను, హీటర్ దగ్గర వద్దు, కరుగుతది."

బిడ్డ క్షేమంగా తిరిగొచ్చింది. మణికట్టు కొంచెం వాచింది, ఆ మాట మామూకు ఇప్పటికీ తెలియదు. స్వెటర్ కోరుట్ల చేరాక అమ్మీ ఉతికి, మడతపెట్టి, పెట్టె తెరిచింది. గోలీలు వేస్తుందా అని పక్కన నిలబడి చూశాను. రెండు వేసింది.