కోనసముద్రం చిట్టెపు దిబ్బలు

పిల్లలూ, కోటలూ గుళ్ళూ చూడటానికి అందరూ వెళతారు. పాతకాలపు పనివాళ్ళు పారబోసిన దిబ్బను చూడటానికి వెళ్ళేవాళ్ళు ఉంటారా? ఉన్నారు. పాడుపడిన గనులు, మూతపడిన మిల్లులు, చల్లారిన కొలుములు వెతుక్కుంటూ తిరిగే పండితులున్నారు. వారి విద్యను పారిశ్రామిక పురాతత్వం అంటారు. రాజమండ్రిలో 1997 వరకు రైళ్ళు నడిచిన పాత హేవ్‌లాక్ వంతెన కూడా వారి లెక్కలోకి వచ్చేదే.

నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అనే ఊరుంది. (మండలం పేరులోనే కమ్మరి ఉన్నాడు, చూశారా!) ఇక్కడ తల పైకెత్తి చూడవలసిన కట్టడమేమీ లేదు, నేల చూస్తూ నడవాలి. నల్లని ఇనుప చిట్టెం, పగిలిన మట్టి మూసల పెంకులు కనిపిస్తాయి. పెంకు ఒకవైపు గాజు పూసినట్టు నిగనిగలాడుతుంది. విరిగినచోట వడ్ల ఊక గుర్తులుంటాయి.

మట్టిలో ఊక ఎందుకు కలిపారు? ఊక కాలితే బొగ్గూ, ఇసుకవంటి సిలికా మిగులుతాయి. అవి మూసకు నిప్పును ఓర్చే బలమిస్తాయి. ఆ మూసలో ఇనుప ముక్కలూ, బొగ్గునిచ్చే పదార్థమూ వేసి, మూతపెట్టి, మట్టితో మెత్తి, కొలిమిలో పెట్టి తిత్తులు ఊదేవారు. మామూలు ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. బొగ్గులోని కర్బనం ఇనుములోకి ఎక్కినకొద్దీ అంతకన్న తక్కువ వేడికే కరుగుతుంది. తరువాత నిదానంగా చల్లారనిస్తే ఉక్కుముద్ద తయారు! ఈ కిటుకు వారికి ఏ పుస్తకమూ చెప్పలేదు.

సర్వే శాఖలో పనిచేసిన వాయిసీ అనే ఆంగ్లేయుడు ఈ పని కళ్ళారా చూసి వ్రాశాడు. 1832లో అది అచ్చయింది. ఈ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు ఇంతదూరం వచ్చేవారట. దక్షిణాదిన తయారైన ఇలాంటి ఉక్కును ఇంగ్లీషువారు ‘వూట్జ్’ అన్నారు. మన వైపు ‘ఉక్కు’ అనే మాటే అలా మారిందంటారు. లండనులో మైకేల్ ఫారడే అంతటివాడు దాన్ని పరీక్షించాడు. ఆయన తండ్రి కూడా కమ్మరే.

ఇంత పని చేసినవారు తమ గురించి ఏమీ వ్రాసిపెట్టలేదు. ఉన్న దస్తావేజు ఈ పెంకులే. దిబ్బను చదును చేస్తే అదీ పోతుంది.

ఒక పెంకు ఇంటికి తెస్తానని మా మనవడు మారాం చేశాడు. ఏ పెంకు ఎక్కడ పడి ఉందో తెలిస్తేనే కొలిమి ఎక్కడుండేదో పండితులు పోల్చుకోగలరని చెప్పాను. వాడు కాసేపు మూతి ముడుచుకుని, పెంకు బొమ్మ కాగితం మీద గీసుకుని, దాన్ని తీసినచోటే పెట్టాడు.