బుట్టచేతుల గౌనుతో రాణీబాగ్‌కు

బొంబాయిలో కామాటిపురా అనగానే వినేవారి ముఖం కాస్త మారుతుంది. ఆ పేరు మనవారి వల్ల వచ్చిందని వారిలో చాలామంది ఎరుగరు. పద్దెనిమిదో శతాబ్దం చివర నైజాం ఇలాకా నుంచి తాపీపనికీ, కూలిపనికీ వచ్చిన కామాటీలు అక్కడ కాపురాలు పెట్టారు. తరువాత వచ్చిన మన పద్మశాలీలు నగరపు మిల్లుల్లో గుడ్డ నేశారు. 1982 సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అయినా గుడ్డను చేత్తో తడిమి నాణ్యం చెప్పే విద్య మన ఇళ్లలో మిగిలే ఉన్నది.

ఈ వేసవిలో మా పదేళ్ల మనుమరాలు పాత ఫొటోలో మా అక్కయ్య తొడుక్కున్న బుట్టచేతుల గౌను చూసి, తనకూ అటువంటిదే కావాలన్నది. మంగళ్‌దాస్ మార్కెట్‌లో రెండున్నర మీటర్ల పూల వాయిల్ కొన్నాము. నూలుగుడ్డ తడిస్తే ముడుచుకుంటుంది కనుక కత్తెర పెట్టకముందే నీళ్లలో నానవేసి, చాల్ వరండాలో ఆరవేశాను. మా గదిలో గుడ్డ పరచాలంటే ముందు మంచం ఎత్తిపెట్టాలి!

కుచ్చులకు నడుము కొలత కంటె రెండింతల వెడల్పు తీసుకోవాలి. బుట్టచేతికి పైనా కిందా వదులుకుట్టు వేసి, దారం లాగి, కుచ్చులు సమానంగా సర్దాలి. అడుగున నాలుగంగుళాల మడత ఉంచితే పిల్ల పొడుగెదిగినా వచ్చే ఏటికి పనికివస్తుంది. రాత్రి పదింటికల్లా కాలిమిషను ఆపేదాన్ని. గోడ అవతల నిద్రపోయేవారుంటారు కదా. కాజాలు పక్కగది వదిన కుట్టిపెట్టింది.

ఆదివారం ఆ గౌను వేసుకుని రాణీబాగ్‌కు బయలుదేరాము. నాగ్‌పాడా మీదుగా బైకుల్లా స్టేషను దాటితే నడిచిపోయే దూరమే. 1862లో తెరచిన తోట అది. పిల్లకు పెంగ్విన్ పక్షులు ముఖ్యం. నాకు పక్కనే ఉన్న భావూ దాజీ లాడ్ మ్యూజియం. 1872లో తెరచిన ఆ భవనంలో ఈ నగరపు నానాజాతుల వేషధారణలు మట్టిబొమ్మలుగా ఉన్నాయి. పిల్ల ప్రతి బొమ్మ రవికనూ, తలపాగానూ నిలబడి చూసింది.

అక్కడ ఒక పెద్దావిడ గౌను చూసి ముచ్చటపడి, ఎవరు కుట్టారనీ, ఇల్లెక్కడనీ అడిగింది. మనలో చాలామంది ఆ ప్రశ్నకు గ్రాంట్ రోడ్డు అనో, నాగ్‌పాడా అనో చెప్పి ఊరుకుంటారు. పిల్ల మాత్రం, "మా అమ్మమ్మ కుట్టింది. మాది కామాటిపురా" అన్నది.

ఆ పేటలోని పాత ఇళ్లు తీసివేసి కొత్తవి కట్టే పథకం వచ్చింది. గదులు మారవచ్చు, మంచిదే. పేరు మాత్రం మనం దాచిపెట్టి పోగొట్టుకోరాదు.