ముండ్లచెట్టునకు కావలి

మా పెరటిగోడపై నొక మంటికుండలో, బంగారువన్నె ముండ్లు గల గుండ్రని జెముడు మొక్క యున్నది. తొమ్మిదేండ్ల క్రిందట మావారు కడియపు తోటలనుండి దానిని తెచ్చినప్పుడు, "ముండ్లమొక్క యింట నుండరాదమ్మా" యని మా యత్తగారు గొణిగిరి. నేడు దానికి నీరు పోయువా రామెయే.

పోయిన మాసమున నొక విక్రేత ఫోనులో మాకొక చిత్రము పంపెను. బూడిదవన్నె మేను, నల్లని ముండ్లు. చిలీదేశపు కొపియాపోవా యట. "ఇది తోటలో మొలిపించినది కాదు, ఎడారికొండనుండి పెకలించినది, అందుచేతనే యీ వెల" యని గొప్పగా వ్రాసెను. బడిపంతులుగారి జీతమున మిగిల్చిన సొమ్ము కొంత మా పోపులపెట్టెలో నున్నది. మనసు లాగిన మాట దాచనేల? ఇంతలో పదేండ్ల మా యమ్మాయి, "అమ్మా, అక్కడ దానికి కావలివారు లేరా?" యని యడిగెను. ఆ ప్రశ్నకు బదులు వెదకుచు మేము తెలిసికొన్నది సోదరీమణులకు విన్నవించుచున్నాము.

చేలగట్ల నాగజెముడు చూచి యీ జాతికి చావు లేదనుకొందుము. అదియు నమెరికా ఖండమునుండి వచ్చినదే. ఈ కుటుంబమున దాదాపన్ని జాతులకు నదియే పుట్టినిల్లు. పుట్టినింటనే వానికి ఆపద. పరీక్షించిన 1,478 జాతులలో నూటికి 31 అంతరించు ప్రమాదమున నున్నవని 2015లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. సేద్యమునకై నేల దున్నుట, ఇండ్లు కట్టుట, అలంకారమునకై పెకలించుట ముఖ్యకారణములు.

రక్షితవనములు వీనిని కాచుచున్నవా? కొంతవరకు నిజముగనే కాచుచున్నవి. మెక్సికోలో టెహువాకాన్-క్వికాట్లాన్ లోయను 1998లో రక్షితప్రాంతముగా ప్రకటించిరి. 2018లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వములలో చేర్చెను. ఇంచుమించు 4,90,000 హెక్టారుల నేల! స్తంభములవలె నిలిచిన జెముళ్ల యడవులు లోకమున నంత దట్టముగా మరెచ్చటను లేవు. అచ్చటి గ్రామస్థులు వాని పండ్లు కోసి తినుచు నమ్ముకొనుచు నున్నారు. చెట్టు నిలిచిననే గదా పండు.

కాని హద్దురాళ్లు అన్నిటి నాపజాలవు. ఫ్లోరిడాలో కీ లార్గో దీవి చెట్టుజెముడు రక్షితవనమందే యుండెను. గొడ్డలి దానిని తాకలేదు, సముద్రము తాకినది. ఉప్పునీరు పొంగి నేల చెడగా, మిగిలిన ముక్కలను 2023 నాటికి తరలించి వేరుచోట పెంచవలసివచ్చెను. క్యూబా, బహామా దీవులలో నా జాతి యున్నను, అమెరికా సంయుక్తరాష్ట్రముల యడవిలో నిక లేదని 2024లో ప్రకటించిరి. మా కుండలోని బంగారు జెముడు కథయు జాలిగొలుపునదే. 1990 దశకమున మెక్సికోలో సిమాపాన్ ఆనకట్ట నీటిలో దాని పుట్టుచోటు కొంత మునిగెను. ఇంటింట కుండలలో వర్ధిల్లు మొక్క తన కొండలపై దిక్కులేనిదయ్యెను.

ఇక దొంగ సంగతి. చిలీలో 1985లో ఏర్పడిన పాన్ దె అసూకార్ జాతీయవనమున కొపియాపోవాలు సముద్రపు పొగమంచు తడితో మెల్లమెల్లగా పెరుగుచున్నవి. పెరుగుటకు పెక్కేండ్లు, పెకలించుటకు నిమిషము. 2020లో ఇటలీ రక్షకభటులు ఒక సంగ్రహకర్త యింట వేయికి పైగా అటకామా ఎడారి జెముళ్లను పట్టుకొనిరి. 2021లో ఎనిమిదివందలకు పైగా చిలీకి మరలించిరి. అంత యెడారిలో మొక్కకొక కావలివాని నెవరుంచగలరు? కొనువారి గుమ్మమే తుది కంచె.

ఇదంతయు విని మా యత్తగారు, "ఒడలెల్ల ముండ్లున్నవి గదా, తన్ను తాను కాచుకొనలేదా?" యనిరి. ముండ్లు మేక నాపును. మనుష్యుని యాశ నాపునా?

"కొండది మాకు వలదు, విత్తునుండి పెంచినదున్న తెలుపుడు" అని విక్రేతకు వ్రాసితిమి. బదులు రాలేదు. సొమ్ము పోపులపెట్టెలోనే యున్నది. జెముడు కొనబోవు సోదరీమణులు వెల యడుగుటకు ముందు, అది యెచ్చట పుట్టినదో యడుగవలెనని మా ప్రార్థన.